ఊడ గాదు బిడ్డా, గుంజ

బిడ్డా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్‌ల ఏడ్చేసరికి మీ పెద్దమ్మ పరీక్షేమన్న పోయిందేమో అని నా చేతులకెళ్లి ఫోన్ గుంజుకున్నది. తీరా చూస్తె పోయింది పరీక్ష గాదు, ఆటలు. కంప్యూటర్ నెమ్మదిగ నడుస్తున్నదని హాస్టల్ దగ్గర ఒక షాపుల ఇచ్చినవ్. "ఏమన్న దాచిపెట్టాల్నా" అని ఆ పిల్లగాడు అడిగితె "అన్నీ స్టీమ్‌లనే ఉన్నయన్నా, ఫార్మాట్ కొట్టు" అన్నవ్. కొట్టిండు. రూముకొచ్చి, ఆటలు కొనుక్కొని ఆడే ఆ స్టీమ్ ప్రోగ్రాంల లాగిన్ అయితే కొన్న ఆటలన్నీ వరుసబెట్టి కనపడ్డయ్. నువ్వు బయటికెళ్లి తెచ్చి అండ్ల కలుపుకున్న తొమ్మిది ఆటలు మాత్రం పేరుకు గూడ లేవు. అండ్ల ఒకదాంట్ల నీ ఎండకాలం సెలవులన్నీ పోసినవ్.

"ఆట పోతే ఏడుస్తరా" అని మీ పెద్దమ్మ నవ్వింది. నాకైతే నవ్వు రాలే. 15 ఏండ్లు నెట్ సెంటర్ నడిపినోన్ని. సగం దాక ఆడిన ఆట కరెంటు పోయి ఆగిపోతే పిల్లల మొఖం ఎట్లయితదో నాకెరుక. ఆ రాత్రి నువ్వు వినే తీర్గ లేవు, అందుకే ఇప్పుడు నిమ్మలంగ రాస్తున్న.

ఆ షాపు పిల్లగాన్ని తిట్టకు. వాడు అడిగిండు. నువ్వు అన్న మాటల్నే తిరకాసున్నది. "అన్నీ స్టీమ్‌ల ఉన్నయ్" అన్నవ్ చూడు, ఆ "ఉన్నయ్" నిజం గాదు.

నువ్వుండేది పాలమూరు. పిల్లలమర్రి ఎన్నిసార్లు చూసినవో లెక్క లేదు. ఈసారి పోయినప్పుడు సెల్ఫీలు దిగుడు అయినంక కొమ్మల కిందికి ఒంగి చూడు. ఏడు వందల ఏండ్ల చెట్టంటరు, ఎకరాల మీద పరుచుకున్నది. అంత బరువు ఎట్ల నిలబడుతున్నదంటే కొన్ని కొమ్మలకు ఊడలు దిగి నేలల పాతుకపోయినయ్, అవే బోదెలైనయ్. కొన్ని కొమ్మలకు ఊడల్లేవు, మనుషులు సిమెంటు గుంజలు కట్టి నిలబెట్టిన్రు. దూరంకెళ్లి చూస్తె రెండూ ఒక్కతీర్గనే కనపడుతయ్. దగ్గరికి పోతే తేడా తెలుస్తది. ఊడ నీళ్లు గుంజి కొమ్మకు పంపుతది. గుంజ బరువు మోస్తది, అంతే. ఆ చెట్టుకు చెదలు పట్టి కొమ్మ విరిగినంక 2018ల సెలైన్ సీసాలు కట్టి మందెక్కించిన్రు, యాదున్నదా? పేపర్లల్ల ఫొటోలొచ్చినయ్. ఆ మందు చెట్టుకు ఎక్కింది గని సిమెంటు గుంజకు ఎక్కలేదు గద.

స్టీమ్‌ల కొన్న ఆట ఊడ. దాన్ని నువ్వు తీసేసినా మళ్ల దిగుతది. కొత్త వెర్షన్ వస్తె దానంతట అదే తెచ్చుకుంటది. ఆ ఆట చేసినోళ్లు క్లౌడ్ సౌలతు పెడితే నువ్వు ఎక్కడ్దాంక ఆడినవో అది గూడ పైన దాచిపెడతది. బయటి ఆట గుంజ. లైబ్రరీల కనపడేది దాని పేరు, దాన్ని తెరిచే తోవ. ఆట మొత్తం నీ కంప్యూటర్‌ల ఏదో ఒక ఫోల్డర్‌ల పడి ఉంటది, దాని బాగోగులు స్టీమ్‌కు పట్టయ్. ఫార్మాట్ కొట్టంగనే తోవ పోయింది, తోవ చివర ఉన్న ఇల్లు గూడ పోయింది.

ఇట్లంటున్న గదా అని బయటి ఆటలు కలపొద్దంటున్నననుకునేవు. కలుపు. నేను గూడ కలుపుకున్న. ఒక్క జాగల అన్నీ కనపడుతుంటే ఆ సుఖమే వేరు. కలపంగ నాకు తెలిసిన కిటుకులు చెప్త, విను.

స్టీమ్ తెరిస్తె కింద ఎడమ పక్క మూలకు "యాడ్ ఎ గేమ్" అని ఉంటది. అది నొక్కితె "యాడ్ ఎ నాన్ స్టీమ్ గేమ్" అని వస్తది. కంప్యూటర్‌ల తనకు దొరికిన ప్రోగ్రాములను లిస్టు కడతది. నీది అండ్ల లేకపోతే బ్రౌజ్ కొట్టి ఫోల్డర్‌లకు పోయి డాట్ ఎక్స్‌ఈ ఫైలు పట్టుకోవాలె. ఇక్కడ్నే సగం మంది బోల్తా పడుతరు. ఒక్క ఫోల్డర్‌ల మూడు నాలుగు ఎక్స్‌ఈలు ఉంటయ్. సెటప్ పేరుతోని ఉన్నది ఆట గాదు. అన్ఇన్స్ అని మొదలయ్యేదాన్ని కలిపినవనుకో, ఆడుదామని నొక్కితె "తీసెయ్యాల్నా" అని అడుగుతది. నవ్వకు, నా కొడుకే చేసిండు ఆ పని, ఎస్ గూడ కొట్టిండు.

పాత డాస్ ఆటలతోని ఇంకో చిక్కు. జీఓజీ అనే దుకాణంల కొన్న పాత ఆటలు డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాం కడుపుల కూసొని నడుస్తయ్. ఉత్త డాస్‌బాక్స్‌ను కలిపితె నల్ల తెర వచ్చి ఊకుంటది. అప్పుడు డెస్క్‌టాప్ మీద ఆ ఆట ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడు. టార్గెట్ అనే గడిల డాట్ ఎక్స్‌ఈ దాటినంక పొడుగు తోక ఒకటి ఉంటది. ఆ తోకను మొత్తం తీసుకపోయి స్టీమ్‌ల ఆ ఆట ప్రాపర్టీస్‌ల లాంచ్ ఆప్షన్స్ అన్న చోట పెట్టాలె. "స్టార్ట్ ఇన్" అని ఉన్నది గూడ అక్కడ ఎట్లుంటె ఇక్కడ అట్లనే ఉండాలె. అది తప్పితె ఆట తన బొమ్మలను, పాటలను వేరే ఫోల్డర్‌ల ఎతుక్కొని దొరకక కూలవడుతది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌ల తీసుకున్న ఆటల జోలికి పోకు. వాటి ఎక్స్‌ఈని విండోస్ తాళమేసిన గదిల పెడతది, స్టీమ్ లిస్టుల సరిగ దొరకదు. వాలరెంట్‌ను కలిపినా తలుపు తీసేది దాని క్లయింటే. ఎపిక్ ఆటలు గూడ చానావరకు తమ లాంచర్‌ను లేపినంకనే లేస్తయ్. ఒక్క గూటి కిందికి తెచ్చినమని మనం అనుకుంటం గని లోపట ఎవరి పొయ్యి వాళ్లదే.

కలిపితె లాభం లేకపోలేదు. షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కితె ఆట మీదనే స్టీమ్ కిటికీ తెరుచుకుంటది, దోస్తులతోని ముచ్చట పెట్టొచ్చు. అన్ని ఆటలల్ల తెరుచుకోదు, అది వేరే సంగతి. నా మట్టుకైతే అసలు లాభం గేమ్‌ప్యాడ్. ఇరవై ఏండ్ల కిందటి ఆటకు ఇప్పటి ప్యాడ్ అంటే తెల్వదు. స్టీమ్ నడుమ కూసొని ప్యాడ్ నొక్కుడును కీబోర్డ్ నొక్కుడు లెక్క మార్చి ఆటకు చెప్తది. మన ఇంటికొచ్చిన చుట్టానికి లంబాడి రాకపోతే దేవరకొండ అంగడిల నడుమ మనిషి నిలబడి బేరం చేసిపెట్టినట్టు. నా మోకాళ్లు, నా వేళ్లు ఒక్క ఈడువే. ప్యాడ్ లేకపోతే నేనిప్పుడు రోడ్ రాష్ లాంటియి ఆడలేను.

రానియి గూడ చెప్త. అచీవ్‌మెంట్లు రావు. అప్‌డేట్లు రావు. క్లౌడ్ అసలే లేదు. లైబ్రరీకెళ్లి పేరు తీసేస్తె డిస్క్‌ల జాగ ఖాళీ కాదు, ఎందుకంటే నువ్వు తీసింది పేరే. కొన్న ఆటను అన్ఇన్‌స్టాల్ కొడితె మాత్రం ఫైళ్లే పోతయ్. రెండిట్ల ఏది కొడుతున్నవో జర పైలం.

ఇంకోటి. బయటి ఆటకు నీకిష్టమైన పేరు పెట్టుకోవచ్చు, బొమ్మ మార్చుకోవచ్చు. కానీ ఆ పేరు నీ దోస్తులకు కనపడుతది. పోయిన నెల రాత్రి రెండు గంటలకు నాకు నిద్ర పట్టక కంప్యూటర్ తెరిస్తె నీ పేరు కింద "డీబీఎంఎస్ రికార్డ్ వర్క్" ఆడుతున్నట్టు కనపడ్డది. మీ నాయినకు చెప్పలే.

ఇప్పుడు అసలు ముచ్చట.

2002ల నల్లగొండ గడియారం దగ్గర ఆరు కంప్యూటర్లతోని సెంటర్ పెట్టినప్పుడు నీకు పుట్టుక గూడ లేదు. వైస్ సిటీ అనే ఆట కంప్యూటర్లకు వచ్చిన ఏడాదికి, 2004ల, నకిరేకల్ దిక్కుకెళ్లి ఒక పిల్లగాడు ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేటోడు. తొమ్మిదో తరగతి ఉంటడు. అంగి జేబుల ఒక ఫ్లాపీ, పాలపాకెట్ కవర్ల రెండు మడతలు చుట్టి, రబ్బరు బ్యాండ్ ఏసి. కుర్చీల కూసోంగనే ఆట తెరిచేటోడు గాదు. ముందుగాల రబ్బరు తీసి మణికట్టుకు తొడుక్కునేటోడు. కవర్ విప్పి, ఫ్లాపీని అంగికి ఒకసారి తుడిచి పెట్టేటోడు. మై డాక్యుమెంట్స్‌లకు పోయి "జీటీఏ వైస్ సిటీ యూజర్ ఫైల్స్" అనే ఫోల్డర్ తెరిచి, తన ఫైలు అండ్ల ఏసి, అప్పుడు ఆట మొదలుపెట్టేటోడు. గంటకు 20 రూపాయలు. ఆ కాపీ చేసుడుకు పోయే రెండు నిమిషాలకు వాని పైసలే పోతున్నయని చూసి నేనే ఒకసారి అడిగిన, "ఎందుకురా ఈ తిప్పలు, మిషిన్‌ల ఉంటది గదా" అని. "మిషిన్ నీదన్నా, ఆడింది నాది" అన్నడు.

వాడు అన్నది అక్షరాల నిజం. నా మిషిన్లు పదిహేను దినాలకోసారి వైరస్ పట్టి ఫార్మాట్ అయ్యేటియి. రోజూ వచ్చే టౌన్ పిల్లలు ఎన్నిసార్లు మొదటికెళ్లి ఆడిన్రో. ఆ ఊరి పిల్లగాడు మాత్రం ఆట అయిపోగొట్టిండు. ఆ సేవ్ ఫైలు ఎంతుంటదనుకున్నవ్? 200 కేబీ చిల్లర. 1.44 ఎంబీ ఫ్లాపీల ఏడు పడుతయ్. నీ ఎండకాలం సెలవులు మొత్తం గూడ అంతకు పెద్దగ ఉండకపోవచ్చు. నీ కంప్యూటర్‌ల ఒక టీబీ డిస్క్ ఉన్నది, చేతిల పెన్‌డ్రైవ్‌లు నాలుగున్నయ్. వానికి ఒక్క ఫ్లాపీ ఉండె.

అందుకని ఇట్ల చెయ్యి. బయటి ఆటలన్నీ డీ డ్రైవ్‌ల ఒక్క ఫోల్డర్‌ల పెట్టు. నువ్వు పెట్టింది సీ డ్రైవ్‌ల, అందుకే విండోస్‌తోని పాటు కొట్టుకపోయినయ్. ఇక సేవ్ ఫైళ్లు ఆట ఉన్న చోటనే ఉంటయనుకోకు. కొన్ని డాక్యుమెంట్స్‌ల ఉంటయ్, కొన్ని యాప్‌డేటా అని కనపడకుండ దాచిన ఫోల్డర్‌ల ఉంటయ్, కొన్ని పాతయి ఆట పక్కకే ఉంటయ్. ఏ ఆటది ఎక్కడుంటదో పీసీ గేమింగ్ వికీల రాసి పెట్టిన్రు. ఆట కలిపిన నాడే ఆ జాగ చూసుకొని ఒక నోట్‌బుక్కుల రాసుకో. ఆదివారానికోసారి ఆ ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లకు తీసుకో. స్టీమ్ తన ఫోల్డర్‌ల యూజర్‌డేటా అని ఒకటి పెడతది. అండ్ల నీ నంబర్ ఫోల్డర్, దాని లోపట కాన్ఫిగ్. షార్ట్‌కట్స్ డాట్ వీడీఎఫ్ అనే చిన్న ఫైలు ఉంటది, గ్రిడ్ అనే ఫోల్డర్‌ల నువ్వు పెట్టిన బొమ్మలు ఉంటయ్. అవి గూడ తీసి పెట్టుకుంటె, రేపు కొత్త విండోస్ ఎక్కినా ఆటలు డీ డ్రైవ్‌ల అదే జాగల ఉంటె, వాటిని తిరిగి అక్కడ పెట్టంగనే తొమ్మిది పేర్లూ బొమ్మలతోని సహా లేచి నిలబడుతయ్.

గట్లనే, ఎక్స్‌ఈ అంటే భయం ఉండాలె. మా కాలంల "న్యూ ఫోల్డర్" అని ఒక వైరస్ ఉండె. పెన్‌డ్రైవ్ పెట్టంగనే పచ్చటి ఫోల్డర్ బొమ్మ, కింద న్యూ ఫోల్డర్ అని పేరు. ఎవడన్న ఫోల్డరే అనుకుంటడు. నొక్కితె అది ఫోల్డర్ గాదు, ఫోల్డర్ ఏసం కట్టిన ఎక్స్‌ఈ. నొక్కినోని మిషిన్‌ల దూరి అన్ని ఫోల్డర్లల్ల పిల్లలు పెట్టేది. ఒక దినం పొద్దుగాల ఒక్క కస్టమర్ పెన్‌డ్రైవ్‌తోని నా ఆరు మిషిన్లూ పన్నయ్. క్రాక్ ఆటల ఎక్స్‌ఈలు గూడ గసొంటియే. నేనేమీ సుద్దపూసను గాదు. హైదరాబాద్‌ల ఫుట్‌పాత్ మీద కాపీ సీడీలు కొనుక్కొచ్చి సెంటర్ నడిపినోన్నే, అందుకే చెప్తున్న. నువ్వు పోగొట్టుకున్న తొమ్మిదిట్ల నాలుగు అట్లాంటియని నాకెరుక. వాటిని స్టీమ్‌ల కలిపి మంచి బొమ్మ పెడితె మంచియి కావు. మళ్ల ఎక్కించకు. ఎపిక్ వాళ్లు 2018 చివర్ల దుకాణం తెరిచినప్పటికెళ్లి ఫుకట్‌గ ఎన్నో ఆటలిచ్చిన్రు, ఇస్తున్నరు. స్టీమ్‌ల 2015 నుంచి ధరలు రూపాయలల్లనే ఉన్నయ్, పండుగ సేల్‌ల హాస్టల్ బిర్యానీ ధరకు దొరుకుతయ్. హైదరాబాద్‌ల ఓగర్ హెడ్ స్టూడియో చేసిన "అసుర" 2017కెళ్లి అండ్ల ఉన్నది. మనోళ్లు చేసిన ఆటను దొంగతనంగ ఆడుతవా చెప్పు.

నువ్వు అడగలే గని ఇంకో మాట చెప్పాలనిపిస్తున్నది. స్టీమ్ వాళ్లు దాన్ని లైబ్రరీ అని ఎందుకన్నరో గని సరైన మాటే అన్నరు. మన నల్లగొండల 1918లనే ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం పెట్టిన్రు, నిజాం కాలంల. గ్రంథాలయం అంటే ఏంది? పుస్తకం తెచ్చుకుంటం, చదువుకుంటం, అది మన ఇంటి పుస్తకం కాదు. 2024 అక్టోబర్‌కెళ్లి స్టీమ్‌ల పైసలు కట్టే ముందు ఒక వాక్యం కనపడుతది, నువ్వు కొంటున్నది ఆట ఆడుకునే లైసెన్స్ అని. అంటే సభ్యత్వమే. నా జిరాక్స్ షాపుల పాత మిషిన్‌ల విండోస్ 7 ఉన్నది. 2024 జనవరి 1కెళ్లి దానికి స్టీమ్ మద్దతు ఆపేసింది. స్టీమ్‌ల కొన్న ఆటలు ఇప్పుడు నేను ఇంటికాడ కొత్త మిషిన్ మీదనే ఆడాలె. అదే షాపు మిషిన్‌ల జీఓజీల దింపుకున్న పాత ఆట, ఇన్‌స్టాలర్ హార్డ్‌డిస్క్‌ల ఉన్నది, ఇయాల్టికీ నెట్టు లేకున్నా నడుస్తది. గిరాకీ లేనప్పుడు అదే ఆడుత. ఊడ గొప్పదే, చెట్టున్నన్ని దినాలు. గుంజ మన చేతిల ఉన్నది, మనం కడితె ఉంటది, మనం మరిచిపోతె పోతది. రెండిట్ల ఏది ఏదో ఎరుకుంటె చాలు, ఏడుపు రాదు.

ఇగ నీ సొంత ఆట ముచ్చట. ప్రాజెక్టు కోసం ఓమనగుంటలు చేస్తున్న పెద్దనాయినా అని లింకు పంపినవ్ గద. సంబరంగ దింపుకున్న. నొక్కితె యూనిటీప్లేయర్ డాట్ డీఎల్ఎల్ లేదని ఒక్క ముక్క చెప్పి మూసుకున్నది. చూస్తె నువ్వు పంపింది ఉత్త ఎక్స్‌ఈ. పక్కకుండే డేటా ఫోల్డర్ లేదు, డీఎల్ఎల్ లేదు. నీ లైబ్రరీల ప్లే నొక్కితె ఆడుతున్నదని ఆట మొత్తం ఆ ఒక్క ఫైల్లనే ఉన్నదనుకున్నవ్. మళ్ల అదే. ఫోల్డర్ మొత్తం జిప్ చేసి పంపు.

జల్ది పంపు, మీ నాయినమ్మ నన్ను కూసోనిస్తలేదు. ఫోన్‌ల నువ్వు పెట్టిన వీడియో చూపించిన. పద్నాలుగు గుంటలు, చింతగింజలు గలగల పడే సప్పుడు అన్నీ మంచిగున్నయన్నది. ఒక్కటి మాత్రం తప్పంటున్నది. ఖాళీ గుంట వస్తె దాన్ని చేత్తోని తుడవాల్నంట, తుడిచి తర్వాతి గుంటల గింజలు తీసుకోవాల్నంట. నీ ఆటల చెయ్యి తుడుస్తలేదంట. "తుడవకుండ ఎట్ల తీసుకుంటది ఆ పిల్ల" అని రెండు దినాలకెళ్లి అదే మాట. ఫోన్ తెర మీద బొటనవేలుతోని తుడిచి చూపెట్టింది గూడ. ఆ తుడుచుడు పెట్టి పంపితె ఇంటికాడ మిషిన్‌ల లైబ్రరీల కలిపి, ఆమెకు ప్యాడ్ చేతికిచ్చి కూసోబెడత. నీ లైబ్రరీల గూడ "అసుర" పక్కకు పెట్టుకో. దానికి డీబీఎంఎస్ రికార్డ్ అని పేరు పెట్టినవంటె మాత్రం ఈసారి మీ నాయినకు చెప్త.

నీ పెద్దనాయిన,
నల్లగొండ